పొలిమేర దాకా వినిపించిన డోలక్

మా ఆవిడ అప్పుడప్పుడు చుట్టాల ముందు ఒక మాట అంటుంది. ఈయనకు ఇద్దరు పెండ్లాలు, ఒకటి టవరు, ఒకటి డోలక్, నేను వాళ్లిద్దరికీ వండిపెట్టే మనిషిని అని. అందరూ నవ్వుతారు. ఓపిక ఉన్న రోజైతే నేనూ నవ్వుతాను.

మొదటిది కూడు పెట్టే పని. మార్కాపురంలో ఉంటూ సెల్ టవర్లు చూసుకుంటాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను కాబట్టి పేరుకు సైట్ ఇంజనీరును. చేసేదల్లా టవర్ కింద గదిలో బ్యాటరీలు ఎట్లా ఉన్నాయో చూడడం, ఎలుకలు కొరికిన కేబుళ్లు మార్చడం, జనరేటర్‌కు డీజిల్ పోయించడం. ఇటు పుల్లలచెరువు అడవి అంచు నుంచి అటు గిద్దలూరు దాటి కొమరోలు దాకా నా బండి తిరుగుతూనే ఉంటుంది. ఏ టవర్ ఆగినా హైదరాబాదులో ఎవరి తెర మీదో ఎర్ర చుక్క వెలుగుతుంది, ఆ వెంటనే నా జేబులో ఫోన్ మోగుతుంది. అన్నం ముందు కూర్చున్నా మోగుతుంది, స్నానంలో ఉన్నా మోగుతుంది. నలుగురికీ ఫోన్లు మోగించే పని చేస్తూ, ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

రెండోది మా వీధి రామాలయం భజన. పలకల ఫ్యాక్టరీలో పనిచేసి మానుకున్న ఒక మామ మాకు గురువు. రక్తసంబంధం ఏమీ లేదు, మా వైపు వరస పెట్టి పిలవకపోతే మాట సాగదు. నేను డిప్లొమా చదివే రోజుల్లో గుడి మెట్ల మీద కూర్చుని మోకాళ్ల మీద దరువు వేసుకుంటుంటే ఆయన చూసి, పాపం మోకాళ్లేం చేసినాయిరా, దీన్ని కొట్టు అని డోలక్ తెచ్చి ఒళ్లో పెట్టాడు. శాస్త్రం నాకు రాదు. తాళాల పేర్లు అడిగితే నీళ్లు నములుతాను. పాట ఎటు పోతే అటు పోవడం, పాడేవాళ్లకు ఊపిరి అందనప్పుడు చేయి కొంచెం నెమ్మది చేయడం మాత్రం వచ్చు. పల్లెటూరి భజనకు అంతకంటే అక్కర్లేదు.

మొదట్లో డోలక్ దగ్గరికి పోతే టవర్ అలసట తీరేది. ఆ సంగతి నాకు బాగా గుర్తుంది కాబట్టే, అది ఎప్పుడు మారిపోయిందో తెలియక విసుగు. ఈ నాలుగైదేళ్లలో ఒక అలసట మీద ఇంకో అలసట పేరుకుంటూ వచ్చింది. శనివారం భజన ముగించి ఇంటికొచ్చి కూర్చుంటే కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కి చాలాసేపు నావి కానట్టు ఉండేవి. ఒంగోలులో డాక్టరుకు చూపిస్తే, మణికట్టులో నరం నొక్కుకుపోతోంది, బండి యాక్సిలరేటరూ తగ్గించు, ఆ డప్పూ తగ్గించు అన్నాడు. డప్పు కాదండీ డోలక్ అన్నాను. ఏదైతేనేం అన్నాడాయన. బయటికొచ్చాక మా ఆవిడ అడిగింది, రెంటిలో ఏది మానుకుంటావని. బండి మానుకుంటే జీతం రాదు. కాబట్టి జవాబు ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఒప్పుకున్న ఒక్క ఏకాహం అయిపోయాక మానేస్తానని మాటిచ్చాను. గురువు మామకు ఆ సంగతి ఎట్లా చెప్పాలో తెలియక నాన్చుతూ వచ్చాను.

ఏకాహం అంటే సూర్యుడు పొడిచింది మొదలు మర్నాడు మళ్లీ పొడిచేదాకా ఆగకుండా చేసే భజన. ఏ ఒక్క బృందమూ అంతసేపు చేయలేదు కాబట్టి ఊరూరి నుంచి వంతుల వారీగా వస్తారు. నామం ఆగకూడదు, దరువు ఆగకూడదు. అందుకే డోలక్ చేతులు మారే పద్ధతి ఒకటి ఉంది. దిగిపోయేవాడు వాయిస్తూనే ఉంటాడు. వచ్చేవాడు తన డోలక్‌తో పక్కన కూర్చుని, అతని దరువులో కలుస్తాడు. ఇద్దరూ కాసేపు ఒకటిగా వాయించి, కుదిరింది అనుకున్నాక మొదటివాడు చేతులు ఎత్తేస్తాడు. వినేవాళ్లకు మార్పు తెలియకూడదు. నేను బాగా చేసే పని ఏదైనా ఉందంటే అదే, తెలియకుండా దిగిపోవడం.

ఆ ఏకాహం ఒప్పుకోవడానికి కారణం ఒక పెద్దమ్మ. పుల్లలచెరువు మండలంలో అడవికి ఆనుకుని ఉన్న ఊరు వాళ్లది. మా టవర్ ఒకటి ఆమె చేలోనే, గుట్ట మీద ఉంది. సైట్‌కు పోయినప్పుడల్లా చెంబెడు మజ్జిగ ఇచ్చి, తాగేదాకా ఎదురుగా నిలబడుతుంది. ఆ ఊళ్లో మజ్జిగ పలచన చేయడానికి నీళ్లు కూడా ఆలోచించి పోయాల్సిందే. బోర్లు వేసిన చోటల్లా దుమ్మే లేచింది. కొడుకు ఇంక సేద్యం మానేసి గొర్రెలు కూడా అమ్మేసి ఎటన్నా పోదామంటున్నప్పుడు, ఆమె ఊళ్లో ఆంజనేయస్వామి గుడికి పోయి, ఈసారి నీళ్లు పడితే ఏకాహం చేయిస్తానని మొక్కుకుంది. పడ్డాయి. రెండించుల నీళ్లే, కానీ నిలిచాయి. కంది చేను పక్కన కాస్త మిరప కూడా పెట్టారు. మొక్కు తీర్చాల్సిన రోజు దగ్గర పడ్డాక, డోలక్ నువ్వే పట్టాల నాయనా అంది. ఆ మజ్జిగ తాగిన నోటితో కాదనలేకపోయాను.

ఆమెకు ఉన్న భయం ఊరందరికీ తెలుసు. ఏకాహంలో దరువు తెగితే మొక్కు చెల్లదని, చెల్లని మొక్కు నీళ్లు వెనక్కి పోతాయని ఆ పక్క గట్టి నమ్మకం. భూమి లోపలి నీళ్లకూ నా డోలక్‌కూ సంబంధం ఏమిటని ఎలక్ట్రానిక్స్ చదివినవాడు అడగవచ్చు. గొంతెండిన ఊళ్లో కూర్చుని అడగలేడు.

ఎండలు ముదరక ముందే ఏకాహం పెట్టుకున్నారు. ఉదయం టిఫిన్ వేళ నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా మా వంతు. తర్వాత బేస్తవారిపేట వైపు నుంచి వచ్చే బృందం అందుకోవాలి. మాలో డోలక్ వాయించే రెండో మనిషి ఆటో తోలుతాడు. పెళ్లి కిరాయి ఒప్పుకున్నాడు కాబట్టి రాలేదు. ఒక్కపూటే కదా లాగేస్తాలే అన్నాను. నా జీవితంలో ఎక్కువసార్లు అన్న మాట అదే అయి ఉంటుంది.

మొదట బాగానే సాగింది. గుడి ముందు పందిరి, పందిరి నడుమ దీపం, దీపం చుట్టూ తిరుగుతూ చెక్కలు పట్టుకున్న ఆడవాళ్లు. గురువు మామ గొంతు ఆ రోజు హాయిగా ఉంది. ఎండ పైకెక్కాక కరెంటు పోయింది, మైకు మూగబోయింది. భజనకు మైకు ఒక అలంకారం, దానికోసం ఎవరూ బాధపడలేదు. నాకు మాత్రం గుట్ట మీది బ్యాటరీలు గుర్తుకొచ్చాయి. అవి ముసలివి. కరెంటు లేకపోతే కాసేపు లాగి చేతులెత్తేస్తాయి. అప్పుడు జనరేటర్ దానంతటది అందుకోవాలి. దానికి బుద్ధి పుట్టిన రోజు అందుకుంటుంది, లేదంటే ఎవరన్నా పోయి చేత్తో స్టార్ట్ చేయాలి. ఆ ఎవరన్నా నేనే.

కొంతసేపటికి పందిట్లో ఒకాయన ఫోన్ పైకెత్తి, సిగ్నల్ పోయిందే అని అటూ ఇటూ తిప్పుతున్నాడు. నాకు తెలిసిపోయింది. నిజం చెప్పాలంటే ముందు సంతోషమేసింది. హైదరాబాదులో ఎర్ర చుక్క వెలిగి ఉంటుంది, వాళ్లు నాకు ఫోన్ చేస్తూ ఉంటారు, ఆ ఫోన్ మాత్రం మోగదు. దాన్ని మోగించాల్సిన టవరే పడుకుంది. వంతు కాగానే పోయి లేపుదాంలే అనుకుని వాయించాను. అంత నిశ్చింతగా నేను డోలక్ వాయించి ఎన్నేళ్లయిందో.

భోజనాల వేళ అయింది. బేస్తవారిపేట బృందం రాలేదు. వస్తారులే అన్నారు. నీడలు కూడా సాగడం మొదలుపెట్టాయి. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. సిగ్నల్ రావాలంటే గుట్ట ఎక్కి జనరేటర్ తిప్పాలి. తిప్పాల్సినవాడు డోలక్ వాయిస్తున్నాడు. డోలక్ దించాలంటే బేస్తవారిపేట వాళ్లు రావాలి. ఈ ముడి నాకు వాయిస్తూ వాయిస్తూ అర్థమైంది. నవ్వొచ్చింది కూడా. గురువు మామ చూసి, ఎందుకు నవ్వుతాండావని కనుబొమ్మలతో అడిగాడు. పాట మధ్యలో అంత కథ ఎట్లా చెప్పేది.

జనరేటర్ ఎట్లా తిప్పాలో వేరేవాళ్లకు చెప్పి పంపకూడదా అని మీరు అనవచ్చు. గది తాళంచెవి ఇంకొకరి చేతికి ఇస్తే ఉద్యోగం పోతుంది. డోలక్ ఇంకొకరికి ఇవ్వకూడదా అంటే, ఆ ఊళ్లో చెక్కలు, తాళాలు వేసేవాళ్లే తప్ప డోలక్ పట్టేవాళ్లు లేరు. ఉన్న ఒక్కాయనా మిరపకాయల కోతలకు గుంటూరు వైపు పోయాడు. పెద్దమ్మ కొడుకు బండేసుకుని తారు రోడ్డు మీద చాలా దూరం పోయి చూసి, ఎవరూ కనపడలేదని తిరిగొచ్చాడు. నేను వాయిస్తూ ఉన్నాను.

తిమ్మిరి ముందు చిటికెన వేలికి వస్తుందని అనుకునేవాణ్ణి. ఆ రోజు బొటనవేలితో మొదలైంది. తర్వాత అరచేయి బరువెక్కింది. మణికట్టు నుంచి మోచేతి దాకా సలుపు ఎక్కుతుంటే ఎడమ చేత్తో ఎక్కువ పని చేయించి, కుడి చేతిని ఊరికే వేలాడదీసి పడేయడం మొదలుపెట్టాను. దరువు మోటుగా వస్తోందని నాకు తెలుసు. మామ పాట వేగం తగ్గించాడు. ఆయన ముఖం చూస్తే, ఇంకాసేపు ఓర్చుకో అని బతిమాలుతున్నట్టు ఉంది. అప్పుడు నాకు కోపం వచ్చింది. రాని బృందం మీద, ఆటో తోలేవాడి మీద, కంపెనీ మీద, మజ్జిగ మీద కూడా. ఎప్పుడూ నేనే ఎందుకు అందరి బరువూ మోయాలి, ఒక్కడైనా వచ్చి లేవరా నేను కూర్చుంటా అనడేం అని లోపల తిట్టుకుంటూ, పైకి మాత్రం రామనామానికి దరువేస్తున్నాను. దేవుడు పందిట్లో ఉంటే రెండూ విని ఉంటాడు.

పెద్దమ్మ దీపం పక్కనే కూర్చుని ఉంది. వత్తి ఎగదోయడం ఆమె పని. కొంతసేపటి నుంచి ఆమె దీపాన్ని చూడడం మానేసి నా చేతుల్నే చూస్తోంది. దరువు తెగుతుందేమోనని భయపడుతోంది అనుకున్నాను, పంతం కొద్దీ ఇంకా గట్టిగా వాయించాను. ఆమె లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. రెండు చేతులు చాపి డోలక్ రెండు వైపులా అరచేతులు ఆనించింది. శబ్దం మూసుకుపోయింది.

"చాలు నాయనా. మొక్కుకుండేది నేను. నీ చేతులు మొక్కుకోలే."

పందిరిలో దరువు లేదు. తిరుగుతున్న ఆడవాళ్లు ఒక్క క్షణం తడబడ్డారు కానీ నామం ఆపలేదు. మామ పాడుతూనే చప్పట్లు అందుకున్నాడు, వాళ్లూ చప్పట్లు అందుకున్నారు. డోలక్ లేని భజన పలచగా, దూరంగా వినిపించింది. వెనక వరసలో ఎవరో ఆడమనిషి, దరువు తెగె గదమ్మా అని గొణిగింది. పెద్దమ్మ వెనక్కి కూడా తిరగలేదు. నా బోరు సంగతి నేను చూసుకుంటాలే అంది. ఆ మాట అంటూనే బోరు ఉన్న చేను వైపు ఒకసారి చూసింది. నీళ్లు పోవని ఆమెకు ధీమా ఏమీ లేదు. పోయినా సరే అనుకునే ఆపింది. అది తెలిసి నాకు సిగ్గేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని తల దించుకుని కూర్చున్నాను.

అట్లా ఎంతోసేపు కాలేదు. ఊరి పడమటి దిక్కు నుంచి కేకలు వినపడ్డాయి. పాత బండ్ల బాట మీద మనుషులు పరుగెత్తుకొస్తున్నారు. ముందు వస్తున్న మనిషి డోలక్‌ను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని వస్తున్నాడు. వెనక తాళాలు, చెక్కలు, పసుపు కండువాలు. బేస్తవారిపేట బృందం.

డోలక్ మనిషి వచ్చీ రాగానే నా పక్కన చతికిలబడి, కలవడానికి నా చేతుల వైపు చూశాడు. అవి ఖాళీగా ఉన్నాయి. ఒక్క క్షణం అతనికి దిక్కు తోచలేదు. తర్వాత చప్పట్లు విని, వాటి మీద మెల్లగా దరువు వేయడం మొదలుపెట్టాడు. పందిరికి మళ్లీ ప్రాణం వచ్చింది.

వాళ్ల పెద్దాయన రొప్పు తీరాక విరుచుకుపడ్డాడు. అప్పుడు తెలిసింది సంగతి. వాళ్లు అన్నం వేళకు ముందే వచ్చారట. మా వైపు భజన బృందం పిలిపించుకున్న ఊళ్లోకి తనంతట తాను అడుగు పెట్టదు. పొలిమేర రాయి దగ్గర ఆగుతుంది, ఊరివాళ్లు తాళాలతో ఎదురుపోయి, కాళ్లు కడిగి, కొబ్బరికాయ కొట్టి పిలుచుకుని రావాలి. పెద్దాయన పాతకాలం మనిషి కాబట్టి తారు రోడ్డు వదిలేసి, పొలిమేర రాయి ఉన్న పాత బాటలోనే వచ్చి, వేపచెట్టు కింద బృందాన్ని కూర్చోబెట్టాడు. ఫోన్ చేస్తే కలవలేదు. ఊరివాళ్లేమో కొత్త రోడ్డంతా వెతికారు. ఎదురు రాని ఊరికి పిలవని పేరంటంలా పోయేది లేదని పెద్దాయన అక్కడే మఠం వేసుకుని కూర్చున్నాడు. వాళ్లలో ఒకరిద్దరు పోదామన్నా పోనివ్వలేదు.

అంతసేపు కూర్చునే బదులు మనిషిని పంపించి అడగొచ్చు కదా మామా అని పెద్దమ్మ కొడుకు అన్నాడు. ఆయన కండువాతో ముఖం తుడుచుకుంటూ నా వైపు చూపించాడు.

"ఏమని అడిగేది? ఈయన డోలక్ మాకు ఆడిదాకా వినపడతానే ఉండె. అంత దిట్టంగా వాయించే మనిషి ఉండంగ మాతో ఏం పనిలే అనుకుంటిమి. ఆగినాకనే గదా, ఏందో కష్టమొచ్చిందని ఉరికొచ్చినాము."

పెద్దమ్మ బిందె తెచ్చి, ఎదురుకోలు ఇప్పుడైనా చేయాలని వాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసింది. బోరు నీళ్లే. నామం ఆగలేదు కాబట్టి ఏకాహం తెగినట్టు కాదని గురువు మామ, కాదు తెగినట్టేనని ఇంకొకాయన వాదించుకుంటున్నారు. నేను చెప్పులేసుకుని గుట్ట వైపు నడిచాను. యాక్సిలరేటర్ తిప్పేంత బలం కుడి చేతిలో లేదు కాబట్టి బండి తీయలేదు.

తాళం ఎడమ చేత్తో తీశాను. జనరేటర్ కాసేపు సతాయించి అందుకుంది. కొంచెంసేపటికి టవర్ లేచింది, జేబులో ఫోన్ వరసగా కొట్టుకోవడం మొదలుపెట్టింది. చివరికి మాకు పనులు పంచే ఇన్‌చార్జి గొంతే వచ్చింది. ఎక్కడ పోయావని నాలుగు మాటలని, గిద్దలూరు అవతల ఇంకొకటి ఆగింది, చీకటి పడకముందే అందుకో అన్నాడు. సరే సార్ అని నోటిదాకా వచ్చింది. నా చేతుల వైపు చూసుకున్నాను. నావల్ల కాదు సార్, చేతులు పనిచేయడం లేదు, ఈ రోజు పోలేను అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. తిడతాడు, ఉద్యోగం సంగతి ఎత్తుతాడు అనుకున్నాను.

ఆయన మామూలుగానే, "సరే, కంభం నుంచి ఇంకొకతన్ని పంపిస్తా. నీకు ఎప్పుడూ కుదురుతుంది గదా అని నీకే చెప్తుంటినబ్బా" అన్నాడు.

ఫోన్ పెట్టేసి గది మెట్టు మీద కూర్చున్నాను. ఇంత సులువా అని ముందు ఒళ్లు మండింది, తర్వాత ఏడుపొచ్చింది. చూసేవాళ్లు లేరు కాబట్టి ఏడ్చాను. కింద బేస్తవారిపేట ఆయన వాయిస్తున్నది గుట్ట మీదికి బాగానే వినపడుతోంది. నాకంటే కొంచెం తొందర ఎక్కువ, కానీ చేయి మంచిది. రాత్రికి ఇంకో వంతు కూడా నన్నే పట్టమని అడగడానికి కాబోలు, ఎవరో గుట్ట ఎక్కి వస్తున్నారు. ఆయన దగ్గరికి వచ్చేలోపు ఏం చెప్పాలో నాకు తెలుసు. ఈ రాత్రికి నేను వాయించలేను, ఇంకొకరిని చూసుకోండి.